మోటారు బండి, మీ సందేహాలు: శాడిల్ స్టేను బండి పేరు చూసి కాదు, కొలత చూసి కొనండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. క్రూజర్ బండికి రెండు పక్కలా సంచులు వేసుకున్నప్పుడు అవి చక్రంలోకి, షాకబ్జర్ మీదికి, సైలెన్సర్ మీదికి పోకుండా పట్టుకునే ఇనుప చట్రాన్ని షాపుల్లో శాడిల్ స్టే అంటారు. అది ఎలా ఎంచుకోవాలి, దొరక్కపోతే ఎలా చేయించుకోవాలి అన్నదే అందరి సందేహం. వానాకాలంలో కొరాపుట్, రాయగడ ఘాట్లలో తిరిగేవాళ్లకు ఇది అలంకారం సామాను కాదు. సంచి పట్టీ ఒక్కటి చక్రంలో చిక్కితే వెనుక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. అందుకే ఈ సంచికలో మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాది మీటియర్ 350. తెలిసినవాళ్ల దగ్గర పాత థండర్‌బర్డ్ 350కి వేసిన శాడిల్ స్టేలు తక్కువ ధరకు వచ్చాయి. రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లే కదా అని తెచ్చేశాను. షాకబ్జర్ పై బోల్టు దగ్గర కూర్చుంది గాని, మడ్‌గార్డ్ బోల్టు దగ్గర చిల్లు రెండు వేళ్ల ఎడంలో ఆగిపోయింది. చిల్లును పొడుగ్గా కోయించి బిగించుకోవచ్చా? — ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వద్దండి, కోయించకండి. 2020 నవంబరులో వచ్చిన మీటియర్‌కు చాసీయే వేరు. థండర్‌బర్డ్‌కు ఇంజిన్ ముందు ఒకే గొట్టం దిగుతుంది. మీటియర్‌కు రెండు గొట్టాలు దిగి ఇంజిన్ కింద ఊయలలా పట్టుకుంటాయి. వెనుక భాగం కూడా కొత్తగా గీసిందే. కంపెనీ ఒకటే, పేరులోని 350 ఒకటే అయినా వెనుక బోల్టుల మధ్య దూరం ఒకటి కావాలని లేదు.

గుండ్రటి చిల్లులో బోల్టు పట్టు కొంచెం తగ్గినా చిల్లు అంచు బోల్టును ఆపుతుంది. పొడుగు చిల్లులో ఆపేది రాపిడి ఒక్కటే. గోతుల రోడ్డు మీద ఆ రాపిడి చాలదు, స్టే మెల్లగా జారుతుంది. పైగా 25 మిల్లీమీటర్ల పట్టీలో రెండు వేళ్ల పొడుగు కోస్తే రెండు అంచుల్లో మిగిలే ఇనుము చాలా తక్కువ. కొన్నాళ్లకు అక్కడే విరుగుతుంది. తెచ్చిన స్టేలు తిరిగి ఇచ్చేయండి.

ఇంకొకటి కొనేముందు మీ బండి కొలతలు తీసుకోండి. బండిని సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండు వేసి నిలపండి. షాకబ్జర్ పై నట్టుకు, మడ్‌గార్డ్ పక్క బోల్టులకు, వెనుక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ బోల్టుకు కొంచెం గ్రీజు రాయండి. ఒక మందపాటి అట్టముక్కను పక్కనుంచి అదిమితే బోల్టుల జాగాలు దాని మీద మరకలుగా పడతాయి. మొదట గ్రీజు మరకల మధ్య దూరాలు రాసుకోండి.

ఎక్కువమంది వదిలేసేది లోతు కొలత. షాకబ్జర్ నట్టు బయటికి పొడుచుకుని ఉంటుంది, మడ్‌గార్డ్ బోల్టు లోపలికి ఉంటుంది. ఒక స్టీలు స్కేలును నట్టు మీద నిలువుగా ఆన్చి, దాని నుంచి మడ్‌గార్డ్ బోల్టు తల ఎంత లోపలికి ఉందో చూడండి. ఆ తేడాను బుష్‌తో, అంటే బోల్టు దూరే చిన్న గొట్టం ముక్కతో, నింపాలి. బుష్ లేకుండా బోల్టు బిగిస్తే స్టే పట్టీ వంగి లోపలికి లాగబడుతుంది. దాని కింది కొస తిన్నగా టైరు వైపు తిరుగుతుంది. అంగడిలో కొన్న స్టే 'కుదరలేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం సరిపడా పొడవు బుష్ లేకపోవడమే.

తర్వాత కదిలే కొలత. స్టే చాసీకి బిగుస్తుంది కాబట్టి దాని చోటు మారదు. బరువు పడినప్పుడు చక్రం, దాన్ని పట్టుకునే స్వింగార్మ్, చైన్ అడ్జస్టర్, షాకబ్జర్ కింది కొస పైకి వస్తాయి. బండిని సెంటర్ స్టాండు మీంచి దించి, ఇద్దరు మనుషుల్ని సీటు మీద కూర్చోబెట్టి గట్టిగా కిందికి అదమమనండి. అప్పుడు స్వింగార్మ్ ఎక్కడిదాకా వచ్చిందో మడ్‌గార్డ్ మీద సుద్దతో గీత పెట్టండి. గోతిలో పడ్డప్పుడు అంతకన్నా ఇంకా పైకి వస్తుంది. అందుకని స్టే అడుగు కడ్డీకి, ఆ గీతకు మధ్య కనీసం 40 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. టైరు పక్క గోడకు, స్టేకు మధ్య 30 మిల్లీమీటర్లు చాలు. చైన్ సరిచేసినప్పుడల్లా చక్రం వెనక్కి జరుగుతుందని మరిచిపోకండి. కొత్త చైనుతో కొలిస్తే వెనుక వైపు ఇంకో 15 మిల్లీమీటర్లు అట్టే పెట్టుకోవాలి.

చివరగా, బండికి వెనుక బ్యాక్‌రెస్ట్ ఉందా చూడండి. చాలా బళ్లలో బ్యాక్‌రెస్ట్, స్టే రెండూ ఒకే బోల్టును పంచుకుంటాయి. స్టే పొట్లంలో ఇచ్చే బోల్టు బ్యాక్‌రెస్ట్ లేని బండికి లెక్కవేసిందైతే మీకు పొట్టి అవుతుంది. డబ్బు ఇచ్చేముందు ఈ ఒక్కటీ అడిగి తెలుసుకుంటే సగం బాధ తప్పుతుంది.

ప్రశ్న: మందుల కంపెనీ పని మీద వారంలో నాలుగు రోజులు జయపురం నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు దాకా తిరుగుతాను. అవెంజర్ 220 క్రూజ్. రెడీమేడ్ స్టే దొరకలేదు. ఇక్కడి వెల్డింగ్ షాపులో చేయిస్తానంటే రాడ్డు వేయమంటారా, పైపు వేయమంటారా అని అడిగాడు. ఒక్కో సంచిలో ఐదు కిలోలు ఉంటాయి. — ఒక పాఠకుడు, జయపురం

జవాబు: షాపువాడికి వంచే మెషిన్ ఉంటే పైపు. లేకపోతే రాడ్డు.

కారణం లెక్కలోనే ఉంది. రాడ్డు బరువు కట్టేవాళ్లందరికీ తెలిసిన సూత్రం: మందాన్ని మందంతో హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 10 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు 0.62 కిలో, 12 అయితే 0.89 కిలో. బయటి కొలత 16 మిల్లీమీటర్లు, గోడ 1.6 ఉన్న పైపు మీటరుకు 0.57 కిలో మాత్రమే. అంటే 10 రాడ్డు కన్నా తేలిక. వంగకుండా నిలవడంలో మాత్రం ఆ రాడ్డుకు దాదాపు నాలుగు రెట్లు. ఒక్కో పక్కకు 1.3 మీటర్ల దాకా పడుతుంది కాబట్టి రెండు పక్కలా కలిపి బరువు కిలోన్నర చుట్టూ ఉంటుంది.

అయితే పైపును పచ్చిగా మోకాలికి ఆన్చి వంచితే మలుపు దగ్గర చప్పిడి అయిపోతుంది. చప్పిడి అయిన చోట దాని బలం పోయినట్టే. మెషిన్ లేని షాపులో ఎండు ఇసుక గట్టిగా నింపి, రెండు కొసలూ కొయ్య బిరడాలతో మూసి, 50 మిల్లీమీటర్లకు తగ్గని మలుపు తిప్పాలి. ఇసుకలో తడి ఉంటే వేడి చేసినప్పుడు ఆవిరి బిరడాను తన్నేస్తుంది, జాగ్రత్త. అంత ఓపిక లేని చోట 10 రాడ్డే మేలు. షాపుల్లో మూడు సూతుల రాడ్డు అంటారు (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). కొలతలు మాత్రం కాగితం మీద మిల్లీమీటర్లలో రాసి ఇవ్వండి. సూతులో, అంగుళాలలో నోటితో చెబితే రెండు మిల్లీమీటర్ల తేడా తేలిగ్గా వస్తుంది. బోల్టు చిల్లు దగ్గర ఆ తేడా చాలు, పని చెడడానికి.

బోల్టు పట్టే చెవులకు 25 × 5 మిల్లీమీటర్ల పట్టీ తీసుకోండి. ఎం8 బోల్టుకు, అంటే 8 మిల్లీమీటర్ల మందం బోల్టుకు, 8.5 చిల్లు, చిల్లు నడిమి నుంచి పట్టీ అంచుకు కనీసం 12 మిల్లీమీటర్లు. చిల్లు డ్రిల్లుతోనే వేయించాలి. గ్యాసుతో కాల్చి పెట్టిన చిల్లు గుండ్రంగా ఉండదు.

పై రెండు బోల్టులతో ఆపేయకండి. అలా చేస్తే కింది భాగం గాలిలో వేలాడుతూ, బండి వంగిన ప్రతిసారీ లోపలికీ బయటికీ ఊగుతుంది. వెల్డింగ్ చిట్లేది అక్కడే. మూడో ఆధారం కావాలి. ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కు ఒక కాలు దింపవచ్చు. జాగా లేకపోతే కుడి స్టేను, ఎడమ స్టేను మడ్‌గార్డ్ వెనుకనుంచి, నెంబరు ప్లేటు కింద ఒక అడ్డ కడ్డీతో కలపండి. మా ఓటు అడ్డ కడ్డీకే. ఒక పక్క సంచి లోపలికి నెడితే రెండో పక్క స్టే దాన్ని ఆపుతుంది. ఈ కడ్డీని వెల్డింగ్ చేయకండి, బోల్టులతోనే పెట్టించండి. చువ్వల చక్రంలో ట్యూబు ఉంటుంది. పంక్చరైతే చక్రం వెనక్కి లాగి తీయాలి. అడ్డంగా వెల్డింగ్ కడ్డీ ఉంటే ఘాట్ మధ్యలో ఆ పని జరగదు.

పని చేయించే వరుస ఇలా ఉండాలి. అట్ట నమూనా మీద పెట్టి వంచాలి. బండి మీద పట్టి చూసి సుద్ద గీతలు పెట్టాలి. కిందికి దించి బల్ల మీద రెండేసి చుక్కలు మాత్రం వెల్డింగ్ పెట్టాలి. మళ్లీ బండికి బిగించి, సంచులు నిజంగా తీసుకెళ్లేంత బరువుతో తగిలించి, ఇద్దరు కూర్చుని చూడాలి. అన్నీ సరిపోయాకే పూర్తి వెల్డింగ్. 1.6 గోడ పైపుకు 2.5 మిల్లీమీటర్ల 6013 రకం వెల్డింగ్ రాడ్డు వాడమనండి, అంతకు మించి లావైతే గోడ కరిగి చిల్లు పడుతుంది. వెల్డింగ్ అతుకు సరిగ్గా మలుపు మీదకు రాకూడదు, మలుపు అయిపోయాక వేలెడు దూరంలో పడాలి.

బండి మీద ఉంచి వెల్డింగ్ చేస్తానంటే ఒప్పుకోకండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త పొగ ప్రమాణాల) బళ్లలో పెట్రోలు ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్ ఉంటుంది. వెల్డింగ్ కరెంటు చాసీ గుండా పోయి దాన్ని కాల్చేయగలదు. బేరింగుల గుండా పోతే వాటి గోళీల మీద మచ్చలు పడతాయి. 'బ్యాటరీ మైనస్ తీస్తాను, ఏం కాదు' అంటాడు. తీసినా సరే, దించి చేయమనండి.

రంగు విషయం ఒకటి. పౌడర్ కోటింగ్‌ను దాదాపు 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పైపు కొసలు రెండూ మూసేసి ఉంటే లోపలి గాలి వ్యాకోచించి అతుకు దగ్గర బుడగలు వస్తాయి. అందుకని అన్నిటికన్నా కింద ఉండే చోట 4 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి ముందే వేయించండి. వాన నీళ్లు కూడా దాని గుండానే దిగిపోతాయి. బోల్టు తల ఆనే చోట పౌడర్ పడకుండా టేపు వేయించాలి. లేకపోతే మందంగా పేరుకున్న రంగు కొన్ని రోజులకు నలిగి, బోల్టు దానంతటదే లూజవుతుంది. గీరిన చోట ఇనుము బయటపడుతుంది కాబట్టి కొంచెం గ్రీజు రాస్తే చాలు.

ప్రశ్న: నెల కిందట స్టేలు వేయించాను. ఒక్కడినే ఉంటే ఏమీ లేదు. వెనుక ఇంట్లోవాళ్లు ఎక్కి పర్లాకిమిడి నుంచి మోహన వైపు ఘాట్ ఎక్కితే గోతిలో పడ్డప్పుడల్లా 'గర్ర్' మని శబ్దం. టైరు పక్కన గీత కూడా పడింది. సంచి టైరుకు తగలడం లేదు, చూశాను. — ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు బండిని పక్కన పెట్టండి, తర్వాత చదవండి.

మడ్‌గార్డ్ లోపలికి చెయ్యి పెట్టి తడమండి. కొత్త బోల్టు కొస టైరు వైపు పొడుచుకుని ఉండే అవకాశం చాలా ఎక్కువ. అసలు బోల్టు 20 మిల్లీమీటర్లు అనుకుందాం. స్టే పట్టీ 5, బుష్ 15 కలిస్తే 40 కావాలి. షాపులో 40 లేదని 60 ఇచ్చి ఉంటారు. మిగిలిన 20 మిల్లీమీటర్లూ లోపలికే పోతాయి. ఒక్కరు కూర్చుంటే టైరు అంత పైకి రాదు. ఇద్దరు కూర్చుని గోతిలో పడితే మర కొస టైరు పక్క గోడను రంపంలా కోస్తుంది.

సరైన పొడవు బోల్టే తెచ్చుకోండి, తల మీద బలాన్ని తెలిపే 8.8 అంకె ఉండాలి. దొరక్కపోతే ఉన్నదాన్ని కోసుకోవచ్చు. కోసేముందు ఒక నట్టు ఎక్కించి ఉంచండి. కోశాక అంచు ఆకురాయితో రుద్ది, ఆ నట్టును వెనక్కి తిప్పి తీస్తే చెడిన మర సరి అవుతుంది. నట్టు దాటి రెండు మరలు కనిపిస్తే చాలు. లోపల ఉన్నది అతికిన నట్టు కాక విడి నట్టైతే బోల్టును తిరగేసి, గుండ్రటి తల ఉన్నది టైరు వైపు, నట్టు బయటికి వచ్చేలా పెట్టండి. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి అదే.

టైరు గీతను గోరుతో విడదీసి చూడండి. లోపలి దారాలు కనిపిస్తే ఆ టైరు మార్చాల్సిందే. పక్క గోడకు పంక్చర్ ప్లగ్గు పనికిరాదు, ఎవరు వేస్తానన్నా వేయించకండి.

పనిలో పనిగా షాకబ్జర్ పై నట్టు కూడా చూడండి. అక్కడ చాలా బళ్లకు బోల్టు ఉండదు, చాసీకి అతికిన పిన్ను ఉంటుంది. దాని మర పొడవు మారదు. 5 మిల్లీమీటర్ల పట్టీ దూర్చాక నట్టుకు సగం మరే దొరికితే అది ఎంత బిగించినా నిలవదు. పిన్ను కొస నట్టు బయటికి కనిపించకపోతే ఆ చోటు వదిలేసి వేరే ఆధారం వెతకాలి. పట్టీ ఎప్పుడూ షాకబ్జర్ చెవికి బయటి పక్కనే ఉండాలి. లోపలి పక్క దూరిస్తే షాకబ్జర్ ఏటవాలుగా నిలిచి, రబ్బరు బుష్ ఒక పక్కే అరుగుతుంది, ఆయిల్ సీలు కూడా తొందరగా పోతుంది.

ప్రశ్న: సూపర్ మీటియర్ 650కి రెండు పక్కలా సైలెన్సర్లే. బరంపురం పట్టు చీరలు సంచుల్లో వేసుకుని ఇచ్ఛాపురం, సోంపేట షాపులకు వెళ్లాలి. వేడి తగులుతుందా? — ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఎడం లేకపోతే తప్పకుండా తగులుతుంది. సైలెన్సర్ పై అంచుకు, సంచి అడుగుకు 50 మిల్లీమీటర్లు ఉండాలి. ఖాళీ సంచితో కొలిచి మురిసిపోకండి. నింపాక అడుగు కిందికి దిగుతుంది, పక్క జేబు ఉబ్బుతుంది. నైలాన్ గుడ్డ దాదాపు 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పట్టీలు పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వైతే 160 దగ్గరే కరుగుతాయి, మెత్తబడడం ఇంకా ముందే మొదలవుతుంది. అందుకే ముందు పోయేది సంచి కాదు, అడుగు పట్టీ. పట్టీ మిగులు కొసలను రబ్బరు రింగుతో కట్టేయండి.

అంత ఎడం రాకపోతే స్టే అడుగు కడ్డీకి ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకు పెట్టించండి. రేకుకు, సంచికి మధ్య 10 మిల్లీమీటర్ల బుష్‌లు వేసి గాలి ఆడనివ్వాలి. రేకును సంచికే అంటించేస్తే వేడి తిన్నగా లోపలికి దిగుతుంది. నెమ్మదిగా ఘాట్ ఎక్కి ఆగిన తర్వాత, గాలి తగలని ఆ పది నిమిషాల్లోనే వేడి ఎక్కువ. ఆగిన చోట చెయ్యి పెట్టి చూసుకోండి.

చీరలకు వేడి కన్నా తడి ప్రమాదం. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా కుట్టు దగ్గర నీరు దిగుతుంది. చీరలను మందపాటి పాలిథిన్ సంచిలో మూతి మడిచి కట్టి, ఆ పొట్లాన్ని శాడిల్ బ్యాగులో పెట్టండి.

ప్రశ్న: ఎడమ స్టేకు చీర గార్డు అడ్డొస్తోంది. తీసేస్తే ఏమైనా తప్పా? — ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: తప్పే. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనుక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా వెనుక చక్రం సగానికి తగ్గకుండా కప్పే గార్డు ఉండాలి. చట్టం సంగతి ఎలా ఉన్నా, చీర కొంగు, చున్నీ చిక్కే ప్రమాదం నిజమైనది. గార్డును ఉంచి, అది బిగిసిన బోల్టులనే స్టేకు వాడుకోండి, బుష్ పొడవు ఆ మేరకు మార్చుకోండి. నెంబరు ప్లేటు, ఇండికేటర్లు సంచుల చాటున పడకుండా ఉన్నాయేమో పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఇండికేటర్ దాగితే దాన్ని బయటికి జరిపే బ్రాకెట్ వేయించాలి, వైరు లాగి కట్టి వదలకూడదు.

ప్రశ్న: ఒక్క పక్కే సంచి పెట్టుకోవచ్చా? స్టే బోల్టులు ఎన్నాళ్లకు ఒకసారి బిగించాలి? — ఒక పాఠకుడు, సెమిలిగుడ

జవాబు: రెండు కిలోల వరకు ఫరవాలేదు. అంతకు మించితే రెండో పక్కా వేసి, రెండింటి బరువు తేడా కిలోకు మించకుండా సర్దండి. బరువైన సామాను అడుగున, ముందు వైపు ఉండాలి. సంచి ముందు అంచు వెనుక కూర్చున్నవాళ్ల మడమకు తగలకూడదు.

బోల్టులు మొదటి 100 కిలోమీటర్లకే ఒకసారి చూడాలి, ఎందుకంటే కొత్త రంగు, వాషర్లు అప్పుడే నలిగి సర్దుకుంటాయి. ఆ తర్వాత చైన్‌కు నూనె వేసిన ప్రతిసారీ చూస్తే సరిపోతుంది. ఎం8 బోల్టుకు 20 నుంచి 24 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. షాకబ్జర్ నట్టుకు మాత్రం బండి పుస్తకంలో ఉన్న అంకె పాటించండి. మరలకు నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి, ఎరుపుది వద్దు, తర్వాత విప్పడానికి వేడి చేయాల్సి వస్తుంది. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు) చేత్తోనే చివరిదాకా తిరుగుతోందంటే దాని నైలాన్ పట్టు పోయినట్టు, కొత్తది వేయండి. బిగించాక నట్టు మీదా, పట్టీ మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. గీత తెగి పక్కకు జరిగిందంటే, పానా పెట్టకుండానే ఆ నట్టు కదిలిందని తెలిసిపోతుంది.